మీవాళ్ళే కదా

ఎముకల వార్డులో ఏడో మంచం మీదికి కాలు విరిగి కొత్తగా ఒకతను వచ్చాడని, డాక్టరుగారు వెంటనే రమ్మంటున్నారని ఆయా వచ్చి చెప్పేసరికి బుజ్జమ్మ ఒక ముసలాయన చేత కమ్మీ పట్టించి మెట్లెక్కిస్తోంది.

"కాలు విరిగినవాడికి ముందు కట్టు కట్టాలి గానీ, అప్పుడే వ్యాయామం ఏంటి?" అంది.

"వ్యాయామానికి కాదు మేడం. అతను మీవాళ్ళట. మాట్లాడ్డానికి."

బుజ్జమ్మ ముసలాయనను కుర్చీలో కూర్చోబెట్టి, రుమాలుతో చేతులు తుడుచుకుని వార్డు వైపు నడిచింది.

బుజ్జమ్మ అన్నది ఇంట్లో పిలుపు. ఆస్పత్రిలో అందరికీ ఆవిడ ఫిజియో మేడం. విరిగి అతికిన కాళ్ళను మళ్ళీ నడిపించడం, బిగుసుకుపోయిన భుజాలను వంచడం ఆవిడ పని. పదిహేనేళ్ళుగా అదే ఆస్పత్రిలో చేస్తోంది. పుట్టింది ఈ ఊళ్ళోనే, చదివింది ఈ ఊళ్ళోనే. తండ్రి ఓడల్లో ఇంజను మెకానిక్కుగా పనిచేసేవాడు. సముద్రం అవతలి దేశంలో ఒకమ్మాయిని చూసి, మనసుపడి, పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆ అమ్మాయికి పుట్టిన ఒక్కగానొక్క పిల్ల బుజ్జమ్మ. ఆ పిల్లకు నాలుగో ఏడు నడుస్తుండగా తల్లి జ్వరమొచ్చి పోయింది. తండ్రి మళ్ళీ ఓడెక్కాడు. మేనత్త పెంచింది. తర్వాత కొన్నేళ్ళకు తండ్రి కూడా పోయాడు.

తల్లి నుంచి బుజ్జమ్మకు మిగిలింది మొహం ఒక్కటే. అచ్చు గుద్దినట్టు ఆవిడ మొహమే. అందుకని, నోరు విప్పేదాకా ఎవరూ ఆమెను ఈ ఊరి మనిషి అనుకోరు. నోరు విప్పాక కూడా అనుకోరు. కూరగాయలమ్మే అతను ధర చెప్పకుండా వేళ్ళు చూపిస్తాడు. "ఆ వంకాయలు నిన్నటివి కదా, వాడిపోయిన మొహాలు వేసుకుని కూర్చున్నాయి. తగ్గించి ఇవ్వు," అని ఆమె అంటే, తగ్గించే మాట మర్చిపోయి, "ఎంత బాగా నేర్చుకున్నారండీ మన మాటలు," అని మెచ్చుకుంటాడు. ఫోనులో గంటసేపు నవ్వుతూ మాట్లాడి ఇల్లు ఇస్తానన్న ఇంటావిడ, తీరా మనిషిని చూశాక, "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకి ఇచ్చేశామండీ," అంది. ఒకసారి వార్డులో ఒక పెద్దాయన అడిగాడు:

"ఎన్నేళ్ళయిందమ్మా మా దేశం వచ్చి?"

"ముప్పై ఎనిమిదేళ్ళు."

"అబ్బో. నీ వయసెంతేంటి?"

"ముప్పై ఎనిమిదే."

పెద్దాయన కాసేపు లెక్క వేసుకుని, "అంటే పసిగుడ్డుగా ఉన్నప్పుడే తెచ్చారన్నమాట," అన్నాడు.

చిన్నప్పుడు ఏడ్చేది. కాలేజీలో పోట్లాడేది. ఇప్పుడు అవేవీ లేవు. అడిగినవాళ్ళకు ముక్తసరిగా జవాబు చెప్పి, పని చూసుకుని, గదికి వెళ్ళి తలుపేసుకోవడం అలవాటైంది.

ఏడో మంచం దగ్గర డాక్టరుగారు, హెడ్ సిస్టరు నిలబడి ఉన్నారు. మంచం మీద యాభై ఏళ్ళ మనిషి, ఎండకు కమిలిపోయిన మొహం, గోళ్ళలో ఇంకా సిమెంటు. ఎక్కడో కట్టుబడి జరుగుతున్న చోట పరంజా మీదినుంచి పలకతో సహా పడ్డాడట. తెచ్చినవాళ్ళు క్యాజువాలిటీలో దించేసి, చెప్పాపెట్టకుండా జారుకున్నారు. తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు.

"అవతలి దేశం వాడు. మీవాళ్ళే కదా, కాస్త పేరూ ఊరూ కనుక్కోండి," అన్నారు డాక్టరుగారు.

"నాకు ఆ భాష రాదు సార్."

"కొంచెం కూడానా?"

"ఒక్క ముక్క కూడా రాదు."

"మరి ఇంట్లో ఏం మాట్లాడతారు?"

"మీరు మాట్లాడేదే సార్."

అంతలో పైకప్పుకేసి చూస్తున్న మనిషి తల ఇటు తిప్పి బుజ్జమ్మను చూశాడు. అతని మొహం అమాంతం విప్పారింది. లేవబోయి, కాలు కలుక్కుమని మళ్ళీ పడుకున్నాడు. పడుకునే మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళుగానో బిగబట్టినట్టు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. గొంతు ఒకటి రెండు చోట్ల జీరబోయింది. చివరికి ఆగి, జవాబు కోసం ఆమె కళ్ళలోకి చూశాడు.

"నాకు మీ మాటలు రావండీ," అంది బుజ్జమ్మ.

అతను ఆ మాటలు విని ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత నవ్వి తలాడించాడు. పరాయి ఊళ్ళో పెరిగి ఇంటి మాట మర్చిపోయిన మేనకోడలిని చూసి మేనమామ నవ్వినట్టుంది ఆ నవ్వు. ఫరవాలేదులే అన్నట్టు చెయ్యి ఊపి, ఈసారి నెమ్మదిగా, విడమరిచి మళ్ళీ చెప్పసాగాడు.

బుజ్జమ్మ చెవి ఒగ్గి వింది. ఏ మాటైనా లోపల ఎక్కడైనా తగులుతుందేమో, పసితనంలో విన్న చప్పుడు ఒక్కటైనా పోల్చుకోగలనేమో అనుకుంది. ఏమీ తగల్లేదు. రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంది, అంతే.

మర్నాటి నుంచి అతను ఆమె పేషెంటయ్యాడు. కాలు కట్టేసి ఉన్నా పాదం కదిలిస్తూ ఉండాలి, చేతులు బలం పోకుండా చూసుకోవాలి. పదిరోజులకు తొడలో కమ్మీ వేసి ఆపరేషను చేశారు. ఆ తర్వాత మోకాలు వంచడం మొదలైంది. బుజ్జమ్మ మడమ కింద చెయ్యి పెట్టి, "ఇంకొంచెం, ఇంకొంచెం," అనేది. అతను పళ్ళు బిగించి వంచేవాడు. "చాలు," అనేది. అతను ఊపిరి వదిలేవాడు. అలా అతనికి పట్టుబడిన మొదటి మాటలు ఆ రెండూ. వాటితోనే బండి నడిపించేవాడు. టీ పోసే ఆయాతో "ఇంకొంచెం" అనేవాడు. సూది పట్టుకొచ్చే సిస్టరును చూసి దూరం నుంచే "చాలు, చాలు" అనేవాడు. వార్డంతా నవ్వేది. అతనూ నవ్వేవాడు.

వ్యాయామం చేసినంతసేపూ అతను తన భాషలో ఏదో చెబుతూనే ఉండేవాడు. చేత్తో నేల నుంచి ఎత్తులు చూపించేవాడు. అవి పిల్లలో, మేకలో, మొక్కలో ఆమెకు తెలిసేది కాదు. ఒకరోజు చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె మోకాలి మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. మధ్యలో ఆగినప్పుడు, ఇక నువ్వు చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేసేవాడు.

మొదట్లో ఆమె "ఏం చెప్పను?" అని ఊరుకునేది. ఒక సోమవారం మాత్రం నోరు దానంతటదే తెరుచుకుంది.

"నిన్న అత్తయ్యావాళ్ళింట్లో భోజనానికి చుట్టాలొచ్చారు. నన్ను చూసి ఒకావిడ, ఈ అమ్మాయికి మన వంటలు పడతాయా అని అత్తయ్యని అడిగింది. నేను పక్కనే వడ్డిస్తున్నాను. ఆ కూర చేసిందే నేను. మా అత్తయ్య ఏమందో తెలుసా? మా తమ్ముడి కూతురేనండీ, మొహం మాత్రం వాళ్ళమ్మది అంది. నా చిన్నప్పట్నుంచీ అదే మాట. ఎవరి కాలో తొక్కి క్షమించమన్నట్టు చెబుతుంది. పాపం, నన్ను కళ్ళలో పెట్టుకుని పెంచింది. ఆవిడని ఏమంటాను?"

అతను శ్రద్ధగా విన్నాడు. వింటూ వింటూ మోకాలు తనంతట తనే వంచుతున్నాడు.

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి చెప్పేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, పుట్టబోయే పిల్లలకు ఎవరి పోలిక వస్తుందోనని గుసగుసలాడుకుని వెళ్ళిపోయిన సంగతి చెప్పింది. బడిలో నాటకం వేసిన ప్రతిసారీ తనకు విదేశీ రాణి వేషమే ఇచ్చేవారని, ఆ రాణికి ఒక్క మాట కూడా ఉండేది కాదని, వచ్చి వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోవడమేనని చెప్పి తనే నవ్వింది. ఒకప్పుడు ఫోనులో పాఠాలు పెట్టుకుని ఆ భాష నేర్చుకుందామని కూర్చుంటే, అద్దంలో కనిపించే మొహానికీ నోట్లోంచి వచ్చే మాటకీ పొంతన కుదరక సిగ్గేసి మానేసిన సంగతి చెప్పింది. ఇవి ఆమె ఎవరికీ చెప్పినవి కావు. చెబితే అత్తయ్య నొచ్చుకుంటుంది, స్నేహితులు జాలిపడతారు. ఇతనికి అర్థం కాదు కాబట్టి ఆ భయం లేదు. పైగా, ఇన్నేళ్ళలో ఆమెను మీదెక్కడ అని అడగని కొత్త మనిషి అతనొక్కడే. అడగనక్కర్లేదన్నట్టు మొదటిరోజే తనవాళ్ళలో కలిపేసుకున్నాడు. అది పొరపాటేనని ఆమెకు తెలుసు. తెలిసినా, పొద్దున బస్సు దిగి వార్డు మెట్లెక్కేటప్పుడు కాళ్ళు ఇదివరకటికంటే తేలిగ్గా పడేవి.

వార్డులో మాత్రం ఇది వేరేగా అర్థమైంది.

"రాదు రాదు అంటూనే ఎంతసేపు కబుర్లు చెప్పుకుంటారో చూడు," అని సిస్టర్లు అనుకునేవారు.

అలా ఉండగా అతని కాలికి చీము పట్టింది. జ్వరం తగ్గడం లేదు. మళ్ళీ కోసి, లోపల శుభ్రం చేసి, వేరే కమ్మీ వెయ్యాలన్నారు. అయితే అంతకు రెండురోజుల ముందే పక్క మంచం అతన్ని ఆపరేషనుకు తీసుకెళ్ళి, షుగరు వల్ల కుళ్ళిపోయిన కాలు తీసేసి తెచ్చారు. ఏడో మంచం మనిషి అది కళ్ళారా చూశాడు. తన దగ్గరికి ట్రాలీ రాగానే రెండు చేతులా మంచం ఊచలు పట్టుకుని కేకలు పెట్టాడు. నలుగురు కలిసినా కదల్చలేకపోయారు.

డాక్టరుగారు బుజ్జమ్మను పిలిపించారు.

"మీరు చెబితే వింటాడు. కాలు తియ్యబోమని చెప్పండి. వేలిముద్ర కూడా మీరే వేయించండి."

"చెప్పడానికి నాకు మాట రావాలి కదా సార్."

"ఇన్నాళ్ళూ మాట్లాడుకుంటూనే ఉన్నారు కదా."

"ఆయన మాటలు ఆయన మాట్లాడతాడు, నావి నేను మాట్లాడతాను. ఒకరిది ఒకరికి తెలీదు."

డాక్టరుగారికి చిరాకేసింది. "మీవాడి ప్రాణం మీదికి వచ్చింది. ఇప్పుడు కూడా ఇదేం పట్టుదల?"

హెడ్ సిస్టరు ఆమెను పక్కకు తీసుకెళ్ళింది. మంచిమనిషే. గొంతు తగ్గించి, బుజ్జగిస్తున్నట్టే అంది: "ఎందుకమ్మా దాస్తావు? కన్నతల్లి భాష వస్తే నిన్నెవరేమంటారు?"

వచ్చి ఉంటే దాచుకునేదాన్నా అని బుజ్జమ్మ అనబోయి మానుకుంది. సగం రోజు సెలవు అడిగి బయటపడింది.

బస్టాండు వెనక సందులో, మందుల షాపు పైన ఒక బ్యూటీపార్లరు ఉంది. దాన్ని నడిపేది అవతలి దేశం ఆవిడ అని ఊళ్ళో చాలామందికి తెలుసు. ఆ బోర్డును బుజ్జమ్మ బస్సు కిటికీలోంచి ఏళ్ళ తరబడి చూస్తోంది. ఎన్నోసార్లు దిగుదామనుకుంది. దిగి ఏమని చెప్పాలో తెలియక ఎప్పుడూ దిగలేదు. ఆవేళ దిగింది.

ఇరుకు మెట్లెక్కి తలుపు తోసింది. లోపల షాంపూ వాసన, గోడంతా జుట్టు కత్తిరింపుల ఫోటోలు. అరవై ఏళ్ళావిడ ఒక కుర్చీ వెనక నిలబడి ఎవరి తలకో రంగు పట్టిస్తోంది. ఎదురుగా అద్దంలో బుజ్జమ్మను చూడగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, నవ్వుతూ, గబగబా తన భాషలో ఏదో అడిగింది. ఏడో మంచం మనిషి విప్పారినట్టే ఆవిడ మొహమూ విప్పారింది.

"నాకు రాదండీ," అంది బుజ్జమ్మ. ఈ మాట ఎంతోమందికి చెప్పింది గానీ, ఇంత సిగ్గుగా ఎప్పుడూ చెప్పలేదు. "మా అమ్మ అక్కడావిడ."

"అమ్మ మాట చెప్పలేదా నీకు?" అంది పార్లరావిడ. ఆవిడకు ఇక్కడి మాటలు బాగానే వచ్చు గానీ, వాటి కాళ్ళూ చేతులూ అటూ ఇటూ అవుతుంటాయి.

"చెప్పేలోపే పోయింది. నేను చిన్నదాన్ని అప్పుడు."

"నాన్న?"

"ఇక్కడి మనిషే."

"ఓహో, సగం," అంది పార్లరావిడ. అని మళ్ళీ తలకు రంగు పట్టించడంలో పడింది.

కసిరినట్టు కూడా అనలేదు. బట్ట కొలిచి చెప్పినట్టు చెప్పింది. బుజ్జమ్మ ఆ మాటను మింగి, వచ్చిన పని చెప్పింది. ఆవిడ అంతా విని, "మా మనిషి ఆస్పత్రిలో ఒక్కడు ఉన్నాడు అంటే నేను రానా? రేపు పొద్దున వస్తాను," అంది.

అన్నట్టే వచ్చింది. మంచి బట్టలు కట్టుకుని, ఒక సంచిలో పళ్ళు పట్టుకుని వచ్చింది. డాక్టరుగారు, హెడ్ సిస్టరు కూడా మంచం చుట్టూ చేరారు. ఆవిడ నవ్వుతూ పలకరించింది. అతను విన్నాడు. అతని మొహం ముడుచుకుపోయింది. తన భాషలో ముక్తసరిగా రెండు మాటలు అన్నాడు. ఈసారి ఆవిడ నవ్వు పోయింది.

"ఇది మా భాష కాదు. ఇతను మా దేశం కాదు," అంది. "మా పైన కొండలు, అక్కడ వాళ్ళ దేశం. వేరే."

"అదేంటి, ఇద్దరూ ఒకేలా ఉన్నారే," అన్నారు డాక్టరుగారు.

"మీకు ఒకేలా," అంది ఆవిడ.

తన దేశానికీ వాళ్ళ దేశానికీ ఎన్నేళ్ళుగానో పడదని, వాళ్ళు పనికి తమ దేశం వస్తే తమవాళ్ళు సరిగ్గా చూడరని, అందుకని వాళ్ళకు తమవాళ్ళంటే గిట్టదని పొడిపొడిగా చెప్పింది. అయినా పళ్ళ సంచి పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. ఎప్పుడో ఆవిడ దేశంలో కూలికి వెళ్ళినట్టున్నాడు, ఆవిడ భాష అతనికి కొద్దిగా తెలుసు. కాలు తియ్యరు, లోపల కడిగి మళ్ళీ కుడతారని ఆవిడ ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. చేత్తో అతని కాలిని పైనుంచి కిందిదాకా తాకి, ఇదంతా ఉంటుంది అన్నట్టు చూపించింది. చాలాసేపటికి అతను తలూపాడు. వేలిముద్ర వేశాడు.

ఆవిడ లేవబోతుంటే, బుజ్జమ్మను వేలితో చూపిస్తూ ఏదో అడిగాడు. ఆవిడ ఒక్క ముక్కలో జవాబిచ్చింది. అతను బుజ్జమ్మ వైపు చూశాడు. ఎంతోసేపు చూడలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఏమడిగాడు?" అంది బుజ్జమ్మ, మెట్లు దిగుతూ.

"నీది ఏ దేశం అని. మా దేశం అని చెప్పాను," అంది పార్లరావిడ. ఆగి చూసింది. "కాదా?"

కాదు అనడం బుజ్జమ్మకు కొత్త కాదు. పుట్టినప్పట్నుంచీ అందరికీ అదే చెబుతోంది. కానీ తల్లి దేశపు మనిషి ఒకరు ఆమెను తమలో లెక్కేసుకోవడం ఇదే మొదటిసారి. అదీ నిన్న సగం అన్న మనిషి. బుజ్జమ్మ ఆవిడను గేటుదాకా సాగనంపి వచ్చింది.

ఆపరేషను సవ్యంగానే జరిగింది. జ్వరం దిగింది. పుండు మానసాగింది. బుజ్జమ్మ మళ్ళీ రోజూ వెళ్ళి మడమ కింద చెయ్యి పెట్టేది. అతను చెప్పినట్టల్లా చేసేవాడు. వంచమంటే వంచేవాడు, ఆపమంటే ఆపేవాడు. మాటలు మాత్రం మానేశాడు. కళ్ళు మూసుకునే ఉండేవాడు. నొప్పి ఎక్కువైతే "చాలు" అనేవాడు. ఇప్పుడు ఆ మాటలో నవ్వు లేదు.

ఒకరోజు ఆమె ఉండబట్టలేక గుండె మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత కింద నేలను చూపించింది. "ఇక్కడ. నేను ఇక్కడే పుట్టాను. ఆవిడ చెప్పినట్టు కాదు. మీరనుకున్నట్టూ కాదు." అతను కళ్ళు తెరిచి నేలను చూశాడు. ఏదో పడిపోయిందనుకున్నాడు కాబోలు, మంచం కిందికి కూడా తొంగిచూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు.

"మీవాడు అలిగాడా మేడం?" అంది ఆయా.

"కాలు నొప్పిలే," అంది బుజ్జమ్మ.

ఆ రోజుల్లో ఆమెకు తన గది మరీ నిశ్శబ్దంగా అనిపించేది. ఇదివరకు కూడా ఆ గది అంతే. ఒక్క మనిషి వంట, ఒక్క కంచం, ఒక్క కుర్చీ. కాకపోతే ఇదివరకు ఆ నిశ్శబ్దం ఆమె పట్టించుకునేది కాదు. ఇప్పుడు అన్నం తింటూ, రేపు అతనికి ఏం చెప్పాలా అని వెతుక్కునేది. వెతుక్కున్నాక గుర్తొచ్చేది.

అతనికి కర్రలిచ్చి నాలుగడుగులు వేయిస్తున్న సమయంలో ఒక మనిషి వార్డులోకి వచ్చాడు. పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. పక్క ఊళ్ళో ఒక హోటల్లో వంట చేస్తాడట. ఏడో మంచం మనిషికి బావమరిది. వాళ్ళకీ మాకూ పడదు అన్న పార్లరావిడే, బజారులో ఆ కొండల దేశంవాళ్ళు కనిపించినప్పుడల్లా ఆపి, ఇలా ఒకడు ఆస్పత్రిలో ఉన్నాడని చెబుతూ వచ్చిందట. ఆ నోటా ఈ నోటా పడి అతని దాకా చేరింది. బావా బావమరిదీ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. తర్వాత ఆగకుండా మాట్లాడుకున్నారు. బుజ్జమ్మ కాస్త దూరంలో కర్రలు పట్టుకుని నిలబడింది.

బావమరిదికి ఇక్కడి మాటలు బాగానే వచ్చు. డాక్టరుగారితో మాట్లాడి, మర్నాడు తీసుకెళ్ళడానికి ఏర్పాట్లు చేసుకున్నాడు. అన్నీ అయ్యాక బుజ్జమ్మ అతని దగ్గరికి వెళ్ళింది.

"ఒక్క మాట మీ బావగారికి చెప్పాలి. మా అమ్మది ఆ పార్లరావిడ దేశమే. నేను మాత్రం ఇక్కడిదాన్ని. ఆ దేశం నేను చూడనైనా లేదు. ఆ భాష నాకు రాదు. మీ భాషా రాదు."

అతను చెప్పాడు. ఏడో మంచం మనిషి విని, చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అడిగాడు.

"అయితే నేను ఇన్నాళ్ళూ చెప్పినవి ఆవిడకి ఏమీ తెలీలేదా అంటున్నాడు."

"తెలీలేదు. ఒక్కటి కూడా."

అది విన్నాక అతని భుజాలు దిగాయి. మొహం కాస్త తేలికైంది. మళ్ళీ ఏదో అన్నాడు.

"మంచిదైంది అంటున్నాడు. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పనివి చెప్పాడట. మావాళ్ళ అమ్మాయే అనుకున్నాడు, కొంచెం అర్థమవుతుందేమోనని మొదట భయపడ్డాడట. కానీ చెప్పకుండా ఉండలేకపోయాడట." బావమరిది ఇబ్బందిగా నవ్వాడు. "ఆ పార్లరావిడ మాట విన్నాక, మీరు ఆ దేశం మనిషై ఉండి, రాదంటూనే అన్నీ అర్థం చేసుకున్నారేమోనని కోపమొచ్చిందట. ఇప్పుడు లేదు."

అతను ఇంకో ప్రశ్న అడిగాడు.

"మరి మీరు ఏం చెప్పేవారు అంటున్నాడు."

బుజ్జమ్మ ఆ మనిషి వైపు చూసింది. ఇప్పుడు చెబితే ప్రతి మాటా అతనికి చేరుతుంది. కూర సంగతి, రాణి వేషం సంగతి, అన్నీ. బావమరిది వినడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"నేనూ అలాంటివే," అంది.

మర్నాడు వ్యాను దాకా ఆమే నడిపించింది. ఎక్కేముందు అతను కర్రలు రెండూ ఒక చేతిలోకి తీసుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. వ్యాను మలుపు తిరిగేదాకా ఉండి, ఆమె పైకి వచ్చింది. మెట్ల దగ్గర ముసలాయన కమ్మీ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆ ఆదివారం అత్తయ్య ఇంట్లో చుట్టాలెవరూ లేరు. భోజనాలయ్యాక అత్తయ్య మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. బుజ్జమ్మ కింద కూర్చుని ఒక్కొక్కటీ అందిస్తోంది.

"అత్తయ్యా, అమ్మ నాతో ఏ భాషలో మాట్లాడేది?"

అత్తయ్య చెయ్యి ఆగింది. ఇన్నేళ్ళలో బుజ్జమ్మ తల్లి ఊసు తనంతట తను ఎత్తడం తక్కువ.

"మన మాటలే. వచ్చీరాని మాటలు. పిల్లికి బల్లి అనేది, బల్లికి పిల్లి అనేది. నువ్వు దిద్దేదానివి."

"వాళ్ళ భాష మాట్లాడేది కాదా?"

"వద్దని మేమే చెప్పామే." అత్తయ్య చీర అంచులు కలుపుతూ తల ఎత్తలేదు. "మొహం ఎలాగూ అలా వచ్చింది, మాట కూడా అలాగే వస్తే పిల్లని బళ్ళో బతకనివ్వరని మీ నాన్నా నేనూ చెప్పాం. తను ఎదురు చెప్పలేదు. సరే అంది. ఆ రోజు నుంచీ నీతో మన మాటలే."

"మరి తను ఎవరితో మాట్లాడుకునేది?"

"ఎవరున్నారే మాట్లాడ్డానికి?" అత్తయ్య మడతపెట్టిన చీర పక్కన పెట్టింది. "మధ్యాహ్నాలు నువ్వు నిద్రపోయాక నీ పక్కన కూర్చుని చెప్పుకునేది. వాళ్ళ భాషలోనే. నేను ఒకటి రెండుసార్లు గుమ్మందాకా వచ్చి విన్నాను. నన్ను చూస్తే ఆపేసేది."

"జోలపాటా?"

"పాట కాదే. కబుర్లు. జరిగింది జరిగినట్టు ఎవరికో చెబుతున్నట్టు ఉండేది. మధ్యలో నవ్వేది కూడా."

"నేను లేచేదాన్ని కాదా?"

"నువ్వా? పక్కన డప్పు కొట్టినా కదిలేదానివి కాదు."

బుజ్జమ్మ చివరి బట్ట అందించి, దులిపిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్తయ్య ఆమె జుట్టు సవరించి, "మొహం పీక్కుపోయింది, కాసేపు నడుం వాల్చు," అంది.

పక్కగదిలోకి వెళ్ళి పడుకుంది. తలుపు ఓరగా వేసి ఉంది. అవతల అత్తయ్యా, ఆవిడ కోడలూ గొంతు తగ్గించి, పాలవాడి గురించి, పక్కింటి వాళ్ళమ్మాయి పెళ్ళి గురించి చెప్పుకుంటున్నారు. చిన్నప్పటిలా మాటలు తెలియకుండా చప్పుడు మాత్రం విందామని ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎంత మూసుకున్నా నిద్ర రాలేదు. వాళ్ళు చెప్పుకుంటున్న ప్రతి మాటా ఆమెకు అర్థమవుతూనే ఉంది.